వేలం పాటకు ముందు ఆర్సీ చూడండి

తమ్ముడూ, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ శాఖ వేలం వేస్తున్న పాత బొలెరో పాడుకుంటే ఆర్సీ నీ పేరు మీదికి మారుతుందా అని అడిగావు. మారుతుంది. కానీ ముందు రిజిస్ట్రేషన్ తేదీ చూడు. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ బండ్ల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదు, అవి స్క్రాప్‌కే పోవాలి. అట్లాంటిది అయితే ఎంత చవకగా వచ్చినా వదిలెయ్.

తేదీ బాగుంటే, బండి చేతికొచ్చిన 30 రోజుల్లోపు ఫారం 32 ఆర్టీఓ ఆఫీసులో ఇవ్వాలి. దాంతోపాటు ఆర్సీ, ఇన్సూరెన్స్, వేలం వేయమన్న ప్రభుత్వ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ, పాట నీకే ఖాయమైందని వేలం అధికారి సంతకం చేసిన పత్రం కావాలి. ఈ పత్రం అక్కడికక్కడే తీసుకో. నేను సంతకం లేని రసీదుతో ఇంటికొచ్చి, ఆ ఒక్క సంతకం కోసం మూడు నెలలు తిరిగాను. బండేమో ఎండకు ఎండుతూ వాకిట్లోనే ఉండిపోయింది.

బండి చూసే రోజు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడు. లోపలి భాగంలో బురద చార కనిపిస్తే అది నీళ్లలో మునిగిన బండే. స్టెప్నీ కింద తుప్పు కూడా చూడు. బ్యాటరీ, టైర్ల ఖర్చు పక్కన పెట్టుకున్నాకే నీ ఆఖరి రేటు అనుకో, పాటలో దాన్ని దాటకు.