మైకు పట్టుకునే ముందు

చిట్టీ,

నవంబర్ 14న మన ఊళ్ళో షుగరు మీద, అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు మీద సభ పెడుతున్నావని మీ నాన్న పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాడు. చెప్తూ చెప్తూ వాడు పొంగిపోయాడు. నేనూ పొంగాను, అబద్ధమెందుకు. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ పట్టుకుంది. ముప్పయ్యేళ్ళు ఏఎన్ఎం నర్సుగా ఊళ్ళు తిరిగినదాన్ని, ఆ మైకు సంగతి నాకు తెలుసు.

చిన్నవి ముందు చెప్పేస్తా. పరగడుపు పరీక్ష ఆరున్నరకే మొదలెట్టు. ఎనిమిదయితే పొలం పోయేవాళ్ళు పోతారు, మిగిలినవాళ్ళు కాఫీ తాగొచ్చి 'ఏం తినలేదమ్మా' అంటారు. ఒకరికి గుచ్చిన సూది ఇంకొకరికి వద్దు. 126, ఆపైన వస్తే అందరి ముందూ అరవకు, చీటీ రాసిచ్చి ఆస్పత్రిలో మళ్ళీ చూపించుకోమను. రాత్రిపూట అన్నం మానేసి చపాతీలే తింటున్నామని మురిసేవాళ్ళని ఎన్ని తింటున్నారో అడుగు. ఐదారంటారు.

ఇక అసలు సంగతి.

మా అత్తగారికి షుగరు. ఒకరోజు నేను క్యాంపుకని చార్టులు సంచిలో సర్దుకుంటుంటే, "అమ్మాయ్, మాత్ర వేసుకున్నానో లేదో గుర్తుండట్లేదే" అంది. "రాసి పెట్టుకోండి అత్తయ్యా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాను. ఆవిడకి చదువు రాదు చిట్టీ. పద్దెనిమిదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నదాన్ని, ఆ మాట నాకు తట్టలేదు.

అప్పటికే పప్పులో ఉప్పు రెండుసార్లు పడుతోంది. ఎప్పుడో అమ్మేసిన గేదె పాలిచ్చిందా అని అడుగుతోంది. చాదస్తమని నవ్వుకునేవాళ్ళం. ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి వాకిట్లో కూర్చుని ఉంది, జాకెట్టు పిండితే నీళ్ళు కారేలా చెమట. నన్ను చూసి "ఎవరి కోసమమ్మా?" అంది. ఆ పొద్దున్నే ఊరందరికీ షుగరు పాఠం చెప్పొచ్చిన నేను, ఆవిడకి మతి పూర్తిగా పోయిందనుకుని పక్కనే కూర్చుని ఏడ్చాను. ఎంతసేపో. తర్వాత మాత్రల అట్ట కంటపడింది. ముందు రాత్రి నేనే తెచ్చిపెట్టిన పది మాత్రల అట్టలో ఆరే ఉన్నాయి. చూస్తే షుగరు 42. పంచదార నీళ్ళు పట్టి ఆస్పత్రికి పరిగెత్తాం. ఆ మాత్రల ప్రభావం దిగేదాకా రెండు రోజులు గ్లూకోజు ఎక్కించారు. బతికింది. ఆ తర్వాత నాలుగేళ్ళు ప్రతి మాత్రా నా చేత్తోనే ఇచ్చాను. ఆ నాలుగేళ్ళూ నన్ను 'నర్సమ్మా' అనే పిలిచింది.

అందుకే కోడళ్ళనీ కొడుకులనీ ముందు వరసలో కూర్చోబెట్టు. మాత్రల డబ్బా ఎవరి చేతిలో ఉందో అడుగు. చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తే షుగరు పడిపోయిందేమో చూడాలి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో చుక్క కూడా పొయ్యకూడదు, 108కి ఫోన్ చెయ్యాలి. ఇది మైకులో రెండుసార్లు చెప్పు.

షుగరు ఏళ్ళ తరబడి అదుపు తప్పితే మెదడులో సన్న రక్తనాళాలు దెబ్బతింటాయి, మతిమరుపు జబ్బుల ముప్పు పెరుగుతుంది. అంతవరకే చెప్పు, షుగరున్న ప్రతివాళ్ళకీ అల్జీమర్స్ వస్తుందని బెదరగొట్టకు. థైరాయిడ్ తగ్గినా, బీ12 తగ్గినా, దిగులు పట్టుకున్నా మరపొస్తుంది, వాటికి మందుంది. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడేవాళ్ళకి బీ12 తగ్గొచ్చు కూడా. ముసలితనంలో మామూలేలే అని ఊరుకోకుండా డాక్టరుకి చూపించమను.

ముందు రోజు రాత్రికే నేను వచ్చేస్తా. మైకు నాకొద్దు, చివర్లో ఓ కుర్చీ చాలు.

ఇంకొకటి. మొదటి పరీక్ష మీ నాన్నకి చెయ్యి. నీ సభ సంగతి పొద్దున చెప్పాడన్నానుగా, సాయంత్రం మళ్ళీ ఫోన్ చేశాడు. అదే సంగతి, అప్పుడే తెలిసినట్టు, అంతే సంబరంగా మొదట్నుంచీ చెప్పాడు. నేనూ కొత్తగా విన్నట్టే విన్నాను.

మీ అత్త