పర్లాకిమిడి పొలం: ప్లాట్లు వేయాలా, పొలంగానే అమ్మాలా?

ప్రశ్న: గజపతి జిల్లా గొసాని బ్లాకులో మా ఊరు. పర్లాకిమిడికి ఐదు కిలోమీటర్లు. నాన్నగారి నుంచి వచ్చిన రెండెకరాల వరి పొలం ఉంది, ఎకరం చొప్పున రెండు నంబర్లు. ఎకరం 18 లక్షలకు అడుగుతున్నారు. బ్రోకరేమో 10 లక్షలు లోను తీసి ప్లాట్లు వేస్తే 60 లక్షలు వస్తాయంటున్నాడు. పక్కనున్న సవర గిరిజన రైతు అరెకరం కూడా వేరేవాళ్ల పేరున రాయించుకుని కలిపేద్దామంటాడు. రెండేళ్లలో పాప చదువుకు 15 లక్షలు కావాలి. నేను బడి పంతుల్ని.

జవాబు: మేస్టారూ, ప్లాట్ల జోలికి వెళ్లకండి. ఒక ఎకరం పొలంగానే అమ్మండి, రెండోది ఉంచుకోండి.

బ్రోకరు పన్నును లెక్కలో వేయలేదు. జనాభా పది వేలు దాటి లక్ష లోపున్న మున్సిపాలిటీ హద్దుకు 2 కిలోమీటర్ల అవతల ఉన్న సాగుభూమి అమ్మితే, ఆ లాభం మీద ఆదాయపు పన్ను లేదు. 2011 లెక్కల్లో పర్లాకిమిడి జనాభా సుమారు 46 వేలు, కాబట్టి మీకు ఈ 2 కిలోమీటర్ల లెక్కే. దూరం రోడ్డు వెంట కాదు, నేరుగా కొలుస్తారు. తహసీల్ ఆఫీసులో అది రాయించుకోండి. వడ్లు మండీలో వేసిన రసీదులూ దాచండి, సాగు జరుగుతోందని చూపాల్సింది మీరే.

ప్లాట్లు వేయాలంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ కింద తహసీల్దారుకు దరఖాస్తు పెట్టి, రుసుం కట్టి, పట్టాలో కిసం (భూమి రకం) ఘరబారిగా (ఇంటి స్థలంగా) మార్పించాలి. మార్చాక అది పొలం కాదు, పన్ను మినహాయింపూ పోతుంది. దీర్ఘకాల లాభంగా చూస్తే 12.5 శాతం. ప్లాట్లు కోసి పదిమందికి అమ్మితే పన్ను శాఖ దాన్ని వ్యాపారమనే అవకాశం ఎక్కువ, అప్పుడు మీ జీతంతో కలిపి 30 శాతం దాకా పోవచ్చు. రోడ్లకు వదిలే నేల, లోను వడ్డీ, అమ్ముడుపోని ప్లాట్లు ఇంకా ఉన్నాయి. పాప ఫీజు గడువు వీటికోసం ఆగదు.

ఆ సవర రైతు అరెకరం మాత్రం అస్సలు ముట్టుకోవద్దు. మీ ప్రాంతంలో గిరిజనుల భూమి ఇతరులు కొనాలంటే అదే భూసంస్కరణల చట్టం 22వ సెక్షను కింద సబ్ కలెక్టరు రాతపూర్వక అనుమతి ముందే ఉండాలి. లేకపోతే అమ్మకం చెల్లదు. గుమ్మా, రాయగడ బ్లాకుల్లో (ఈ రాయగడ మీ జిల్లాలోనిదే, పక్క జిల్లా కాదు) గిరిజనుల భూముల బదిలీపై ఉన్న 1956 నాటి 2వ రెగ్యులేషన్ ప్రకారం గిరిజనేతరులకు అమ్మకమే నిషేధం. వేరేవాళ్ల పేరున రాయించుకోవడం చట్టాన్ని దాటే ఎత్తు, మీ డబ్బూ పోతుంది. అంతకంటే ముఖ్యం, ఆ అరెకరం ఆ ఇంటి తిండి.

అమ్మేటప్పుడు ఒక నంబరు మొత్తం అమ్మండి, చీల్చకండి. చకబందీ (చెదిరిన కమతాలను ఒకచోటికి కలపడం) జరిగిన ఊళ్లలో చిన్న ముక్కల అమ్మకానికి ఆంక్షలున్నాయి. భూమి కొలిచే అమీన్‌తో ముందే కొలిపించండి. డబ్బు మొత్తం బ్యాంకు ద్వారానే తీసుకోండి. భూమి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు పుచ్చుకుంటే అంతే మొత్తం జరిమానా పడవచ్చు. వచ్చిన 18 లక్షల్లో 15 లక్షలు రెండేళ్ల ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా నాలుగు బ్యాంకుల్లో వేయండి, ఎందుకంటే డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకుకు వడ్డీతో కలిపి 5 లక్షలే. పాప ఫీజు తేదీకి నెల ముందు చేతికొచ్చేలా గడువు పెట్టించండి.