బ్లీచింగ్ రెట్టింపు చేసినా పాలు వెనక్కి ఎందుకొస్తున్నాయి?

ప్రశ్న: నాకు పది సంకర జాతి ఆవులున్నాయి. ఏడాదిన్నరగా బకెట్ యంత్రంతో పాలు పితుకుతున్నాం. ఏ ఆవుకూ పొదుగువాపు లేదు. అయినా రెండు నెలలుగా మిథిలీన్ బ్లూ పరీక్షలో నీలం రంగు గంటలోపే పోతోందని పాల సేకరణ కేంద్రంవాళ్లు పాలు వెనక్కి పంపుతున్నారు. పితకడం అయిపోగానే మరిగే నీళ్లతో కడుగుతున్నాను, బ్లీచింగ్ పౌడరు రెట్టింపు చేశాను. ఏం చేయాలి?
– ఒక పాడి రైతు, పలమనేరు, చిత్తూరు జిల్లా

జవాబు: బ్లీచింగ్ ఇంకా పెంచకండి. నీలం రంగు త్వరగా పోతోందంటే పాలలో బాక్టీరియా ఎక్కువగా ఉన్నట్టు. ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోండి. ఒకటి రెండు ఆవుల పాలను, మరిగించిన స్టీలు గిన్నెలోకి చేత్తో పితికి, ఆ నమూనానూ యంత్రం పాలనూ విడివిడిగా పరీక్ష చేయించండి. చేతి పాలలో రంగు నిలిచి, యంత్రం పాలలో పోతే లోపం యంత్రానిదే. మీరు రాసినదాన్ని బట్టి నాకూ దాని మీదే అనుమానం.

పాలు అంటుకున్న గొట్టంలో మొదటే మరిగే నీళ్లు పోస్తే పాలలోని మాంసకృత్తులు ఉడికి గోడకు పట్టేస్తాయి. వాటి మీద బాక్టీరియా చేరి, చుట్టూ జిగురు స్రవించి పొర కడతాయి. దీన్నే బయోఫిల్మ్ అంటారు. చెరువు మెట్ల మీది పాచి లాంటిదే ఇదీ, తోమితేనే వదులుతుంది. బ్లీచింగ్‌లోని క్లోరిన్ ఆ జిగురు మీదా పాల మడ్డి మీదా ఖర్చయిపోయి, అడుగున ఉన్న బాక్టీరియా దాకా చేరదు. పితికిన ప్రతిసారీ ఆ పొర నుంచి కొంత ఊడి పాలలో కలుస్తుంది. వీటిలో సూడోమోనాస్ వంటివి చల్లబరిచిన పాలలోనూ పెరుగుతాయి.

కాబట్టి యంత్రాన్ని పూర్తిగా విప్పండి. క్లా (నాలుగు చనుకట్ల కప్పుల నుంచి పాలు వచ్చి కలిసే గిన్నె), చిన్న గొట్టాలు, బకెట్ మూత కింది రబ్బరు వాషరు... వేలితో తడిమితే జారుడుగా తగిలే చోటల్లా పొర ఉన్నట్టే. డెయిరీల కోసం అమ్మే క్షార పౌడరును 70 డిగ్రీల నీటిలో కలిపి, చేతికి తొడుగులు వేసుకుని, బ్రష్షుతో తోమండి. బాగా కడిగాక డెయిరీ ఆమ్ల ద్రావణంతో మరోసారి శుభ్రం చేయండి. మీ బోరు నీళ్లు ఉప్పువైతే పాలరాయిలా గట్టిపడే తెల్లటి పొర ఆమ్లానికే పోతుంది, క్షారానికి పోదు. ఆమ్లాన్నీ బ్లీచింగ్‌నూ ఎప్పుడూ కలపవద్దు, ప్రమాదకరమైన క్లోరిన్ వాయువు వస్తుంది.

ఇక రోజూ పితకగానే గోరువెచ్చని నీళ్లతో తెల్లదనం పోయేదాకా కడగండి. తర్వాత వేడి క్షార ద్రావణాన్ని ఎనిమిది, పది నిమిషాలు యంత్రం గుండా లాగించండి. అది 40 డిగ్రీల లోపుకు చల్లారితే వదిలిన కొవ్వు మళ్లీ అంటుకుంటుంది. మంచి నీళ్లతో కడిగి, బోర్లించి ఆరబెట్టండి. ఆమ్లం వారానికి ఒకటి, రెండుసార్లు చాలు. క్లోరిన్ వాడాల్సింది పితికే ముందు. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరు 3-4 గ్రాములు పది లీటర్లలో కలిపి, పైన తేరిన నీటిని యంత్రంలో రెండు మూడు నిమిషాలు ఉంచి వంపేయండి. డబ్బా మూత తీసి ఉంచిన పౌడరులో క్లోరిన్ బలం మిగలదు.

లైనర్లు (చనుకట్లకు తొడిగే కప్పుల లోపలి రబ్బరు గొట్టాలు) ఎప్పుడు మార్చారో మీరు రాయలేదు. సాధారణంగా రబ్బరు లైనర్లను 2,500 పితుకుళ్లకు, లేదా ఆరు నెలలకు మార్చాలి. ఒకే క్లస్టరుతో (నాలుగు కప్పులు, క్లా కలిసిన సెట్టు) పది ఆవులను రెండు పూటలా పితికితే రోజుకు 20. అంటే 125 రోజులకే వాటి పని అయిపోతుంది. పగిలిన రబ్బరు లోపలికి ఏ బ్రష్షూ పోదు, కాబట్టి ఏడాదిన్నరగా అవే ఉంటే ముందు వాటినే మార్చి, తేదీ మూత మీద రాసిపెట్టుకోండి.