ఊర్మిళ తలుపు తీయకపోతే మీకెందుకు నిద్ర పట్టలేదు?

ఉత్తరం:

మేడమ్, మాది రాజంపేట దగ్గర పల్లె. నాకు 39 ఏళ్లు. మా ఆయన పన్నెండేళ్లుగా కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవర్. రెండేళ్లకొకసారి వచ్చి రెండు నెలలుండి వెళ్తారు. అప్పులు తీరి మూడేళ్లయింది. పాప పెళ్లి అయ్యేదాకా ఉంటానంటున్నారు. ఇక్కడ నేను, మా అత్తగారు, పాప ఉంటాం.

పాపకు 19. కడపలో డిగ్రీ చదువుతోంది. ఏడాదిగా ఫోన్‌లో ఊర్మిళ కథ భాగాలుగా రాస్తోంది. పదిహేడో భాగంలో లక్ష్మణుడు అడవి నుంచి తిరిగొస్తే ఊర్మిళ గది తలుపు తీయదు. లోపలి నుంచే, "అడవికి పొమ్మన్నది మీ అన్నను. నిన్నెవరు పొమ్మన్నారు? నేను రోజూ మీ అమ్మ మోకాళ్లకు నూనె రాస్తూ ఉన్నాను" అంటుంది. దీని మీద చదివేవాళ్లు రెండు జట్లయి కొట్టుకుంటున్నారు. లక్ష్మణుణ్ణి అలా నిలబెడతావా అని కొందరు పాపను తిడుతున్నారు. చుట్టాల ద్వారా మా అత్తగారికి తెలిసింది. ఏటా ఒంటిమిట్ట కల్యాణానికి వెళ్లి రాములవారి పాటలు పాడే మనిషి, రెండు రోజులు అన్నం తినలేదు. రాముడి కథ మార్చడం పాపం కాదా? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇది బయటపడితే? దీన్ని ఎలా మాన్పించాలి? ఆయనకు చెప్పలేదు, అక్కడ టెన్షన్ పడతారు. పోయినేడు నాకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు కూడా నాలుగో రోజు దాకా చెప్పలేదు. ఆ భాగం నేను మూడుసార్లు చదివాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జవాబు:

అమ్మా, మీరడిగిన మూడింటికీ ముందు జవాబు చెప్పేస్తాను. పాపం కాదు. మాన్పించకండి. కథ రాసిందని వెనక్కి పోయే సంబంధం పోతే పోనివ్వండి.

పాపం అన్నమాట మీ ఇంట్లో రెండు రోజులు పొయ్యి దగ్గర కూర్చుంది కాబట్టి దాని గురించి కాస్త చెప్పాలి. వాల్మీకి రామాయణంలో ఊర్మిళ పెళ్లిపీటల మీద కనిపిస్తుంది. ఆ తర్వాత పద్నాలుగేళ్లు ఆ పిల్ల ఏమైందో దాదాపు చెప్పలేదు. మన ఆడవాళ్లు మాత్రం ఊరుకోలేదు. 'ఊర్మిళాదేవి నిద్ర' అని పాట కట్టుకున్నారు. మా అమ్మమ్మ మధ్యాహ్నం పూట బియ్యంలో రాళ్లు ఏరుతూ అది పాడేది. అందులో ఊర్మిళ, నేనూ అడవికి వస్తానని అడుగుతుంది. లక్ష్మణుడు వద్దంటాడు. ఆమె పడుకుంటుంది, పద్నాలుగేళ్లు లేవదు. అతను తిరిగొచ్చి గదిలోకి వెళ్తే ఎవరో పరాయి మగవాడనుకుంటుంది. నువ్వెవరు, మావాళ్లకు తెలిస్తే నీ గతేమిటి, పరాయి ఆడదాన్ని ఆశించినవాళ్లు ఏమయ్యారో తెలియదా అని గట్టిగా అడుగుతుంది. పద్నాలుగేళ్లు దూరంగా ఉన్న మొగుడి ముఖం పెళ్లానికి గుర్తుండదని పాడుకున్నారు మన పెద్దవాళ్లు! వాళ్లెవరూ భక్తి లేనివాళ్లు కాదు. పాట అయ్యాక లేచి దేవుడికి దీపం పెట్టినవాళ్లే.

అదొక్కటే అనుకోకండి. పట్టాభిషేకం వేళ నిండు సభలో లక్ష్మణుడు ఫక్కున నవ్వితే, సభలో ప్రతివాళ్లూ తమ పాత తప్పు గుర్తొచ్చి తమను చూసే నవ్వాడని కుంగిపోయే పాట ఉంది. మనం ఇంటి పిల్లలా చూసుకునే 'మాయాబజార్' శశిరేఖ వ్యాసుడి భారతంలో లేనే లేదు. ఆమెను తెచ్చి పెట్టుకున్నది మన కథలవాళ్లు, నాటకాలవాళ్లు. ఒకే రాముడి మీద విశ్వనాథ కల్పవృక్షం రాస్తే రంగనాయకమ్మ విషవృక్షం రాశారు. రెండూ ఒకే బీరువాలో ఉన్న ఇళ్లు నేను చూశాను. ఓల్గా రాసిన 'విముక్త' కథలో కూడా ఊర్మిళ తలుపు మూసుకునే కూర్చుంటుంది. ఆ పేరుతోనే వచ్చిన సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఇచ్చారు. మీ పాప తప్పుదారి పట్టలేదు. చాలామంది నడిచిన దారిలోనే నడుస్తోంది.

చదివి తిడుతున్నవాళ్ల గురించి పాపకు ఒక్కమాట చెప్పండి. లక్ష్మణుడి తరఫున కోపం వచ్చినవాళ్లకూ ఆ కథ మీద ప్రేమే. వాళ్లకు మర్యాదగా జవాబివ్వమనండి. అసభ్యంగా రాసేవాళ్లకు జవాబే వద్దు. కాలేజీ పేరు, ఊరి పేరు ఎక్కడా పెట్టవద్దనండి. అంతే.

ఇక అసలు విషయం. మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. ఇక్కడ కుదించి వేశాం. ఆ నాలుగు పేజీల్లో మీవారి గురించి ఉన్నవి ఐదారు వాక్యాలు. ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడొస్తారు, ఏమేం చెప్పలేదు, అంతే. ఆయన ఎలా ఉంటారో, ఏం మాట్లాడతారో, శుక్రవారం ఐమోలో ఫోన్ చేసినప్పుడు మీకేమనిపిస్తుందో ఒక్క ముక్క లేదు. పాప కథ గురించే అనుకుంటూ రాసుకుపోయి, చివర "మూడుసార్లు చదివాను, నిద్ర పట్టలేదు" అన్నారు. కూతురి చదువు గురించి, పెళ్లి గురించి దిగులైతే ఒకసారి చదివి ఫోన్ లాక్కునేవారు. మూడుసార్లు చదివారంటే అందులో మీ మాట ఉందనే.

మోకాళ్లకు నూనె రాసేది మీరేగా? రెండో పేజీలో మీరే రాశారు, అత్తగారికి రోజూ రాత్రి నూనె రాసి పడుకుంటానని. అంతఃపురం ఎలా ఉంటుందో పాప ఎక్కడ చూసింది? చూసింది మీ వసారాను.

"నిన్నెవరు పొమ్మన్నారు" అన్నమాట దగ్గర నేను కూడా ఆగిపోయాను. కైకేయి వనవాసం అడిగింది రాముడికి. లక్ష్మణుణ్ణి ఎవరూ పొమ్మనలేదు. తనంతట తాను వెళ్లాడు. మీవారు వెళ్లినప్పుడు అప్పులు పొమ్మన్నాయి. సరే. అవి తీరి మూడేళ్లయింది. ఈ మూడేళ్లూ ఆయన్ను అక్కడ ఎవరు ఉండమన్నారు? మీరు ఉండమన్నారా? కలిసి కూర్చుని, ఇంకా ఇంత కావాలి, ఇన్నాళ్లు పడుతుంది అని లెక్క వేశారా? ఉత్తరంలో అలాంటిదేమీ లేదు. "పాప పెళ్లి అయ్యేదాకా" అని ఆయన అన్నారు, మీరు ఊఁ అన్నారు. ఆ మాట పాప వింటూనే ఉంది. నాన్న నా పెళ్లి కోసం అక్కడ ఉన్నాడు, అమ్మ నా వల్ల ఇక్కడ ఒంటరిగా ఉంది అని పంతొమ్మిదేళ్ల పిల్ల మనసులో పెట్టుకుని తిరుగుతోంది. ఇది ఎవరికీ చెప్పుకోలేక ఊర్మిళ చేత చెప్పిస్తోంది. ఆ నోరు కూడా మూయించాలనుకుంటున్నారు మీరు.

ఆపరేషన్ సంగతి చదివి నాకు కోపం వచ్చింది, దాచను. ఆయన వచ్చి ఉండేవారు కాదేమో. కఫీలు, అంటే అక్కడి యజమాని, సెలవు ఇచ్చేవాడు కాదేమో. అయినా భార్య ఆపరేషన్ గదిలో ఉన్నప్పుడు భయపడటం భర్త పని. దేవుడికి మొక్కుకోవడం, అర్ధరాత్రి ఫోన్ చేసి డాక్టర్ ఏమన్నారని అడగడం భర్త పని. ఆయనకు టెన్షన్ అని మీరు ఆ పని దక్కనివ్వలేదు. ఇలా ఒక్కొక్కటీ దాచుకుంటూ వస్తే ఆయనకు ఈ ఇంట్లో మిగిలేది డబ్బు పంపడం ఒక్కటే. ఆయన్ను నేను తప్పుపట్టను. ఎండలో, పరాయి ఇంట్లో, పన్నెండేళ్లు స్టీరింగ్ పట్టుకోవడం మాటలు కాదు. కానీ ఆయనకు ఏమీ చెప్పని మనిషి కోసం ఆయన ఎందుకు తిరిగి రావాలి? ఊర్మిళ కనీసం నేనూ వస్తానని అడిగింది. మీరు ఎప్పుడొస్తావని అయినా అడిగారా?

ఓర్చుకోవడం మన ఇళ్లలో గొప్ప గుణం. నేనూ అలాగే పెరిగాను. కానీ భర్త దగ్గర కూడా నోరు విప్పని ఓర్పును నేను మెచ్చుకోలేను. అది కాపురాన్ని లోపల్నుంచి తినేస్తుంది.

అత్తగారితో గొడవ పడకండి. ఆవిడను ఊర్మిళ పాట వచ్చా అని అడగండి. వస్తే పాప ముందు పాడించండి. రాకపోతే పాప వెతికి తెచ్చి వినిపిస్తుంది. ఆ పాటలో ఒక సంగతి ఉంది. లక్ష్మణుడు అన్న కొలువులో నిలబడి ఉంటే, ఊర్మిళ దగ్గరికి అతన్ని పంపమని రాముడికి గుర్తు చేసేది సీత. మీ ఇంట్లో ఆ పని అత్తగారు చేయాలి. "చాలు నాయనా, వచ్చేయ్" అని తల్లి అంటే కొడుకు వినే తీరు వేరు. ఆవిడకూ కొడుకు లేక పన్నెండేళ్లయింది. బహుశా ఆవిడ అన్నం మానింది రాముడి కోసం ఒక్కటే అయి ఉండదు.

పాప దగ్గరికి వెళ్లి ఇది నా గురించే రాశావా అని మాత్రం అడగకండి. ఆ పిల్ల సిగ్గుపడి రాయడం మానేస్తుంది. చదివానని చెప్పండి, బాగుందని చెప్పండి. నాన్న అక్కడ ఉండటం నీ వల్ల కాదని ఇంకోరోజు విడిగా చెప్పండి.

శుక్రవారం ఆయన ఫోన్ చేసినప్పుడు పక్కన ఎవరూ లేకుండా గదిలోకి వెళ్లి మాట్లాడండి. ముందు ఆపరేషన్ గురించి చెప్పండి. ఎంత నొప్పి పుట్టిందో, ఆస్పత్రిలో ఎవరి చెయ్యి పట్టుకున్నారో చెప్పండి. ఆయన కంగారు పడితే పడనివ్వండి, ఫోన్ పెట్టేయకండి. ఆ తర్వాత బ్యాంకు పుస్తకం దగ్గర పెట్టుకుని, ఎంత ఉంది, పాప చదువుకు ఎంత, ఊళ్లో బండి నడిపితే ఎంత వస్తుంది అని ఇద్దరూ లెక్క వేసుకోండి. తిరిగొచ్చే నెల ఏదో ఆయన నోటితో చెప్పించుకోండి. ఒక్క శుక్రవారంలో తేలకపోతే మళ్లీ శుక్రవారం అడగండి.