గుర్రం తల ఎగరేస్తోంది, కళ్ళెం మార్చాలా?

ప్రశ్న: మధురవాడ దగ్గర మా తోటలో నాలుగేళ్ళ మార్వారీ జాతి మగ గుర్రాన్ని స్వారీకి అలవాటు చేస్తున్నాము. నడకలో చెప్పినట్టే వింటుంది కానీ, పరుగులో పగ్గాలు బిగించగానే తల పైకెత్తి, నోరు తెరిచి, ఇంకా ముందుకు దూకుతుంది. పగ్గాలు తగిలించే పొడవైన కాడలున్న కర్బ్ బిట్టు (బిట్టు అంటే నోటిలో పెట్టే లోహపు కడ్డీ) వేసి ముక్కు పట్టీ గట్టిగా బిగిస్తే దారికి వస్తుందని అనుభవమున్న రౌతు ఒకరు అంటున్నారు. బిట్టు లేకుండా ముక్కు మీద పనిచేసే హ్యాకమోర్ కళ్ళెం మేలా? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: ఆ సలహాను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. పగ్గం బిగించినప్పుడు తల ఎగరేసి నోరు తెరిచే గుర్రం చాలాసార్లు నొప్పినుంచి తప్పించుకోవడానికే అలా చేస్తుంది. ఆ నొప్పిని పెంచే ఇనుము వేస్తే అది మరింత గట్టిగా పారిపోజూస్తుందే తప్ప ఆగడం నేర్చుకోదు.

ముందు పశువైద్యునికి నోరు చూపించండి. అలా చూపించమనడానికి మీ గుర్రం వయసే ముఖ్య కారణం. సుమారు రెండున్నరేళ్ళనుంచి నాలుగున్నరేళ్ళ వరకు గుర్రానికి పాలపళ్ళు ఊడి శాశ్వత దంతాలు వస్తుంటాయి. మగ గుర్రాలకు కోరపళ్ళు సాధారణంగా నాలుగు, అయిదేళ్ళ మధ్య మొలుస్తాయి. నమిలే పళ్ళకు ముందు కొన్ని గుర్రాలకు ఉండే వుల్ఫ్ టీత్ అనే చిన్న పళ్ళకు బిట్టు తగిలినా, పళ్ళ అంచులు పదునెక్కి బుగ్గలను గీరినా మీరు వర్ణించిన లక్షణాలే కనిపిస్తాయి.

తరువాత కొలత. ముందుపళ్ళకూ నమిలే పళ్ళకూ మధ్య పళ్ళులేని చోట, పలుచని చర్మం కింద ఎముక ఉంటుంది; బిట్టు కూర్చునేది అక్కడే. పెదవుల మూలల మధ్య వెడల్పును పుల్లతో కొలిచి, రెండు వైపులా అర సెంటీమీటరు చొప్పున మిగిలేలా బిట్టు ఎంచుకోండి. అంతకంటే వెడల్పుగా ఉంటే అది నోటిలో అటూ ఇటూ జారుతుంది, ఇరుకైతే పెదవులను నలుపుతుంది. లావుపాటి బిట్టు మెత్తనిదని అందరూ అనుకుంటారు కానీ, మార్వారీలాంటి సన్నని మూతిలో నాలుకకే చోటు చాలనప్పుడు లావు మరో ఇబ్బంది అవుతుంది. మీ గుర్రానికి మధ్యలో రెండు కీళ్ళు, నున్నని చిన్న ముక్క ఉన్న స్నాఫిల్ బిట్టుతో మొదలుపెట్టమంటాను. స్నాఫిల్‌లో మీ చేతి లాగు ఉన్నదున్నట్టుగా నోటికి చేరుతుంది. కర్బ్ బిట్టులో కాడ మీటలా పనిచేసి ఆ లాగును పెంచుతుంది; గడ్డం కింద గొలుసు బిగుస్తుంది, చెవుల వెనక నడినెత్తిన కూడా ఒత్తిడి పడుతుంది. స్థిరమైన చేతులున్న రౌతుకు, శిక్షణ పూర్తయిన గుర్రానికి అది తగును. ముళ్ళు, బొడిపెలు ఉన్న బిట్లయితే ఎవరికీ తగవు. బరువులు లాగే, మోసే పశువులపై క్రూరత్వ నివారణకు 1965లో చేసిన నియమాలు వాటిని స్వారీకి కూడా నిషేధించాయి.

తలకట్టు, అంటే బిట్టును పట్టి ఉంచే తల పట్టీల విషయంలో మార్వారీలకు ప్రత్యేకంగా ఒకటి చూడాలి. లోపలికి వంగి కొనలు కలిసేలా ఉండే వాటి చెవుల మొదళ్ళను పొట్టి నుదుటి పట్టీ నొక్కుతుంది. తల విదిలించడానికి ఆ ఒక్కటీ చాలు. ముక్కు పట్టీ కింద, ముక్కు ఎముక మీద, రెండు వేళ్ళు సులువుగా దూరాలి. బిగించి కట్టేస్తే నోరు మూసుకుంటుంది, నొప్పి మాత్రం పోదు. ఇక హ్యాకమోర్ అంటే, నోటిలో పుండుంటే పగ్గాలను ముక్కు పట్టీ పక్కలకు తగిలించే సైడ్‌పుల్ వంటి మెత్తని రకం కొన్నాళ్ళు వాడవచ్చు. కాడలున్న లోహపు హ్యాకమోర్ మాత్రం ముక్కు మీద పనిచేసే మీటే. గుర్రం ముక్కుతోనే ఊపిరి తీసుకుంటుంది కనుక, దానిని ఎముక దాటి మెత్తని భాగం మీద కట్టడం ప్రమాదకరం.

పరికరాలు సరిపడినాక శిక్షణను మళ్ళీ నేలమీద నిలబడి మొదలుపెట్టండి. ‘ఆగు’ అన్న మాట ముందు, మెల్లని లాగు తరువాత. గుర్రం అడుగు తగ్గించిన క్షణంలోనే పగ్గం వదలాలి. అది నేర్చుకునేది లాగుడువల్ల కాదు, ఆ వదలడంవల్లనే. ఆలస్యంగా వదిలితే తల ఎగరేయడానికే బహుమానం ఇచ్చినట్టు అర్థం చేసుకుంటుంది. నడకలో స్థిరపడినాకే దుడుకు నడక (ట్రాట్), ఆ తరువాతే పరుగు, అదీ కంచె ఉన్న చోటనే. ఆర్కే బీచ్ సందడిలోకి ఇప్పుడే తీసుకుపోకండి. సముద్రం ఒడ్డున సాధన చేయాలంటే జనంలేని చోట, తెల్లవారుజామున, తడిసి గట్టిపడిన ఇసుక మీద చేయించండి. పొడి ఇసుకలో కాళ్ళు దిగబడితే స్నాయువులు దెబ్బతింటాయి.

ప్రశ్న: సముద్రపు గాలికి మా గుర్రం కళ్ళెం త్వరగా పాడవుతోంది. ఏం చేయాలి? (ఒక పాఠకురాలు, భీమిలి)

జవాబు: స్టెయిన్‌లెస్ స్టీలు బిట్టు, ఇత్తడి లేదా స్టీలు బకిళ్ళు వాడండి. స్వారీ ముగియగానే బిట్టును మంచినీటితో కడిగి తుడవండి; తోలును తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే పగులుతుంది. నూనె అతిగా పట్టిస్తే తోలు సాగి కుట్లు వదులవుతాయి. బిట్టుకు పగ్గం కలిసే చోట కుట్లను ప్రతి స్వారీకీ ముందు గుంజి చూడండి; ఒక్క దారం లేచినా కొత్తగా కుట్టించేదాకా ఆ కళ్ళెం వాడవద్దు.