పుట్టినరోజు పూజకి పిలిచిన రువాండా స్నేహితురాలు: మేం ఎలా నడుచుకోవాలి?

ప్రశ్న: ఆంధ్రా యూనివర్సిటీలో మాతో ఎమ్మెస్సీ చదువుతున్న అమ్మాయిది రువాండా. కేథలిక్. వచ్చే ఆదివారం తన పుట్టినరోజు. పొద్దున్న ఏడింటికి చర్చిలో జరిగే పూజకి (మాస్) రమ్మని మా ఆరుగురినీ పిలిచింది. మాలో ఒకమ్మాయి బాప్టిస్టు, మిగతావాళ్లం హిందువులం. అక్కడ ఎలా ఉండాలి? కేక్ ఎప్పుడు కోయించాలి?

జవాబు:

ముందు టైము సంగతి తేల్చుకోండి. రువాండా గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక నడుస్తుంది. శనివారం రాత్రి పన్నెండింటికి హాస్టల్లో హడావిడిగా కేక్ కోయిస్తే, వాళ్లింట్లో అప్పటికి రాత్రి ఎనిమిదిన్నరే, ఇంకా శనివారమే. పూజ అయ్యి ఎనిమిదిన్నరకి బయటికొస్తే అక్కడ తెల్లవారుజాము ఐదు. అమ్మానాన్నల్ని వీడియో కాల్లో పెట్టి కోయించాలంటే మన పదకొండున్నర మంచి టైము, వాళ్లకి ఎనిమిది అవుతుంది. అయితే వాళ్లూ ఆదివారం పూజకి వెళ్లేవాళ్లే అయ్యుంటారు కాబట్టి ఆ గంట ఖాళీయేనా అని ఆ అమ్మాయి చేతే ముందు అడిగించండి.

పూజకి ముందు కేక్ వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. దివ్య సత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే అప్పం, తీసుకునేవాళ్లు దానికి ముందు కనీసం గంటసేపు ఏమీ తినకూడదు. మంచినీళ్లు, మందులు పర్వాలేదు. పూజ మొదలైన ముప్పావుగంటకో ఎప్పటికో ప్రసాదం ఇస్తారు గనక లెక్కకి ఆరింటికి ఒక ఇడ్లీ తిన్నా తప్పు కాదు, కానీ చాలామంది అసలేమీ తినకుండానే వస్తారు. గుడి (చర్చి) గుమ్మంలో "ఒక్క ముక్క, ఏం కాదు" అంటూ నోట్లో కేక్ కుక్కడం మాత్రం చేయకండి. అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదని పెద్దవాళ్లెవరైనా చెబితే అది పాత నియమం. 1957లో దాన్ని మూడు గంటలకి, 1964లో ఒక్క గంటకి తగ్గించారు.

మీరు ఇవ్వగలిగిన మంచి కానుక ఆమె పేరు మీద పూజ పెట్టించడం. రెండు మూడు రోజుల ముందు విచారణ (పారిష్) ఆఫీసుకి వెళ్లి "పుట్టినరోజు, కృతజ్ఞతా పూజ" అని రాయించండి. కానుక ఎంతో అక్కడే చెబుతారు. ఆదివారం పూజల్లో ఒకటి విచారణ గురువు (ఫాదర్) తన ప్రజలందరి కోసం చేయాలి కాబట్టి మీరడిగిన పూజ దొరక్కపోవచ్చు. అలాంటప్పుడు శనివారం పొద్దుటి పూజకి పెట్టించి, ఆదివారం విశ్వాసుల ప్రార్థనల్లో పేరు చదవమని అడగండి.

పేరు దగ్గరే చాలామంది బోల్తా పడతారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చిన ఆఫ్రికా పేరుని చదివేవాళ్లు మైకు ముందు నిలబడి కూడబలుక్కుంటారు, చివరికి అదెవరి పేరో ఆమెకే అర్థం కాదు. ఆమె చేత రెండుసార్లు పలికించుకుని, తెలుగు అక్షరాల్లో రాసి, తిరిగి ఆమెకి చదివి వినిపించండి. Uwimana అనే పేరుంటే "ఉవిమాన" అని పెద్దక్షరాల్లో రాసివ్వండి. పరదేశంలో, గుడి నిండా జనం మధ్య తన పేరు సరిగ్గా వినబడటం చిన్న సంగతేం కాదు.

తెలుగు పూజ ఆమెకి ఏం అర్థమవుతుందని బెంగ పెట్టుకోకండి. పూజ వరస ఏ దేశంలోనైనా ఒకటే, ఆ ఆదివారం బైబిలు పఠనాలూ అవే. తన భాషలో ఫోన్లో తెరుచుకుని చూసుకుంటుంది. తెలుగు రాని ఆమెకి అంతా తెలుస్తుంది, తెలుగు వచ్చిన మీకే ఏమీ తెలియదు. అందుకే ముందు వరసల్లో కూర్చోవద్దు. నాలుగైదు వరసల వెనక ఉంటే ముందువాళ్లు లేచినప్పుడు లేవొచ్చు, కూర్చున్నప్పుడు కూర్చోవచ్చు. పఠనాలప్పుడు కూర్చుంటారు, సువిశేషానికి (క్రీస్తు జీవితం గురించిన బైబిలు భాగం) లేస్తారు. గంట కొట్టి అందరూ మోకరించినప్పుడు మీరు మోకరించక్కర్లేదు, కదలకుండా ఉంటే చాలు. మన గుళ్లలో చాలాచోట్ల ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. మీ బృందంలో అబ్బాయిలుంటే విడిపోవాల్సి రావచ్చు, ఆమె పక్కన అమ్మాయిలెవరుండాలో ముందే అనుకోండి. గుమ్మం దగ్గర చెప్పుల వరస కనబడితే మీరూ విప్పండి. సమాధానం (శాంతి) చెప్పుకునే ఘట్టంలో పక్కవాళ్లకి చేతులు జోడించి నమస్కారం పెడతారు, అది మీరూ పెట్టొచ్చు. చందా వేయడం మీ ఇష్టం.

అసలు జాగ్రత్త పడాల్సింది ప్రసాదం దగ్గర. మనకి ప్రసాదం అనగానే చెయ్యి చాచడం అలవాటు, వద్దంటే తప్పు. ఇక్కడ సరిగ్గా తలకిందులు. దివ్య సత్ప్రసాదం అన్న మాట విని సింహాచలం పులిహోరలాగా అందరికీ పంచేది అనుకోకండి. గురువు ప్రార్థన తర్వాత ఆ అప్పం క్రీస్తు శరీరమేనని కేథలిక్కుల నమ్మకం, గుర్తు మాత్రమే కాదు. కాబట్టి కేథలిక్కులు కానివాళ్లు తీసుకోకూడదు. మీ బాప్టిస్టు అమ్మాయికి ఇది ప్రత్యేకంగా చెప్పండి. వాళ్ల చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే అలవాటు ఉంటుంది గనక "నేనూ క్రిస్టియన్నే కదా" అని లైన్లో నిలబడే అవకాశం ఎక్కువ.

పొరపాటు ఎలా జరుగుతుందంటే, ఒక వరస మొత్తం ఒకేసారి లేచి నడవలోకి వస్తుంది. చివర్న కూర్చున్నవాళ్లు దారి ఇవ్వడానికి లేచి, ఆ తోపులోనే గురువు ముందుకి చేరతారు. మీరు గోడ వైపు కూర్చోండి. అయినా చేరిపోతే రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టి తల వంచండి, "కేథలిక్కుని కాదు ఫాదర్" అంటే సరిపోతుంది. చేతిలో పెట్టేస్తే జేబులో వేసుకోవద్దు, తర్వాత స్నేహితురాలికి ఇద్దామని రుమాల్లో చుట్టొద్దు. అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి. ఎవరూ కోప్పడరు, బయటికి తీసుకెళ్తేనే వెంటపడి అడుగుతారు.

జపమాల కొనిద్దామనుకుంటే ముందు కొని, పూజ అయ్యాక ఫాదర్ గారి చేత ఆశీర్వదింపజేయండి. పూలు పూర్ణా మార్కెట్లో తెల్లవారే తాజాగా దొరుకుతాయి. మరియమాత స్వరూపానికి వేసే దండ అయితే గుడి చూసుకునేవాళ్ల చేతికివ్వండి, మీరుగా బలిపీఠం దగ్గరికి వెళ్లొద్దు.

ఇక కేక్. మీరు ఏడుగురు, కిలో కేక్ పది పన్నెండు ముక్కలొస్తుంది, సరిపోతుంది. పూజకి వెళ్తూ కొనుక్కుని ఆటోలో వదిలేయకండి, విశాఖ ఉక్కలో గంటన్నరకి క్రీము జారి అట్టపెట్టెకి అంటుకుంటుంది. తిరిగొచ్చేటప్పుడే తెచ్చుకోండి, బండి మీద కాకుండా ఆటోలో ఒళ్లో పెట్టుకుని. బీచ్‌లో కోయించాలని ఉంటే పదకొండున్నర ఎండలో వద్దే వద్దు. సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్లినా సముద్రం గాలికి సన్న కొవ్వొత్తులు నిలవవు. అంకె ఆకారంలో లావుగా ఉండేది ఒకటి తీసుకుని, పెట్టె మూతని గాలికి అడ్డం పెట్టి వెలిగించండి. స్నో స్ప్రే అసలు వద్దు. అందులో ఉండేది మండే వాయువు, కొవ్వొత్తి వెలుగుతుండగా కొడితే మొహం మీదే భగ్గుమంటుంది. పూజకి కట్టుకొచ్చిన మంచి బట్టల మీద క్రీము పులమడం కూడా మన సరదాయే గాని ఆమెది కాదు.

తపస్కాలంలో (ఈస్టరుకి ముందు ఉపవాస రోజులు, లెంట్) శుక్రవారమైతే మాంసం వద్దనేదాన్ని. ఆదివారం కాబట్టి బిర్యానీకి అడ్డేం లేదు.

సాయంత్రం ఖాళీ ఉంటే పాతనగరంలో రాస్ కొండ మీది మరియమాత గుడికి తీసుకెళ్లండి. 1864లో రాస్ అనే ఆయన అక్కడ ఇల్లు కట్టుకోబట్టి కొండకి ఆ పేరొచ్చింది. పక్క కొండల మీద ఒకచోట వెంకటేశ్వరస్వామి గుడి, ఇంకోచోట దర్గా ఉన్నాయి, మూడూ ఒక్క చూపులో కనబడతాయి. కింద హార్బరు. కేక్ మాత్రం కొండ ఎక్కించకండి, నీళ్ల సీసా చాలు.