రెండు వాక్యాలకే ఆగిపోయే ఇంగ్లీష్

ప్రశ్న: సాయంత్రం పూట పెద్దవాళ్లకు స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతున్నాను. బ్యాచ్‌లో 14 మంది, అందరూ ఉద్యోగస్తులే. టెన్సులు వచ్చు, ఇంగ్లీష్ పేపర్ చదువుతారు. మాట్లాడమంటే మాత్రం రెండు వాక్యాలకే ఆగిపోతున్నారు. ఏం చేయించాలి?
– ఒక టీచర్, ఖమ్మం

జవాబు: దయచేసి టెన్సులు మళ్లీ మొదలుపెట్టకండి. వాళ్లకు లేనిది గ్రామర్ కాదు, తెలిసిన మాట సమయానికి నోటికి అందడం. తెలుగులో వాక్యం అల్లుకుని ఇంగ్లీష్‌లోకి మార్చుకునేసరికి ఎదుటివాళ్లు వేరే మాటలోకి వెళ్లిపోతారు.

దీనికి 4-3-2 పద్ధతి బాగా పనిచేస్తుంది. కుర్చీలు ఎదురెదురుగా ఏడేసి చొప్పున రెండు వరసలు వేయండి. ఒక వరస చెప్పాలి, రెండోది వినాలి. 'మా ఇంట్లో జరిగిన పెళ్లి', 'ఆఫీసులో నా ఒక రోజు' లాంటి బాగా తెలిసిన సంగతి ఇవ్వండి. ఆలోచించుకోవడానికి 2 నిమిషాలు. కాగితం మీద ఐదారు మాటలు రాసుకోవచ్చు, వాక్యాలు వద్దు, రాసుకుంటే చదివేస్తారు. 4 నిమిషాలు చెప్పాక వినేవాళ్లు ఒక్కో కుర్చీ పక్కకు జరగాలి. అదే సంగతి కొత్త మనిషికి 3 నిమిషాల్లో, మూడో మనిషికి 2 నిమిషాల్లో చెప్పాలి. తర్వాత వరసలు పాత్రలు మార్చుకుంటాయి. మొత్తం 25 నిమిషాలు పడుతుంది.

ఇది బెడిసికొట్టేది రెండు చోట్ల. వినే మనిషిని మార్చకపోతే, 'ఇందాక చెప్పానుగా' అని సగం మింగేస్తారు. సంగతి మారిస్తే ప్రతిసారీ మాటల వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది, వేగం రాదు. నాలుగు నిమిషాలు నింపలేనివాళ్లకు 3-2-1 పెట్టండి.

అయితే ఇది ఏకపాత్రాభినయమే, సంభాషణ కాదు. దానికి వేరే సాధన కావాలి: జవాబు, ఇంకో ముక్క, ఎదురు ప్రశ్న. 'వేర్ డు యు వర్క్?' అంటే 'ఇన్ ఎ బ్యాంక్' అని ఆగకుండా, 'ఐ లుక్ ఆఫ్టర్ గోల్డ్ లోన్స్. వాట్ అబౌట్ యు?' అనాలి. ఎదురు ప్రశ్న దగ్గరే మనవాళ్లు తడబడతారు. 'మీరు వెళ్తున్నారు', 'మీరు ఎక్కడికి వెళ్తున్నారు' – తెలుగులో ప్రశ్నకైనా మాటల వరస మారదు. అందుకే 'వేర్ యు ఆర్ గోయింగ్?' వస్తుంది. క్లాసు మొదట్లో రోజూ 5 నిమిషాలు ప్రశ్నలే అడిగించండి.

ప్రశ్న: తప్పు దొర్లిన వెంటనే దిద్దాలా?

జవాబు: 4-3-2 నడుస్తుండగా వద్దు. వెనక తిరుగుతూ పుస్తకంలో రాసుకోండి. చివరి 10 నిమిషాల్లో ఐదు వాక్యాలు, ఎవరివో చెప్పకుండా, బోర్డు మీద రాసి జంటలుగా దిద్దించండి. మీరే సరైన వాక్యం మెల్లగా తిరిగి చెబితే, తను చెప్పిందానికే తలూపారని చాలామంది అనుకుంటారు. 'టుడే ఓన్లీ ఐ కేమ్' లాంటివి తప్పక ఎంచుకోండి. అది మన 'ఇవాళే వచ్చాను'లోని ఏకారం. ఇంగ్లీష్‌లో 'టుడే' అనే మాటను ఒత్తి పలికితే చాలు.

ప్రశ్న: అమెరికన్ యాస నేర్పాలా?

జవాబు: అక్కర్లేదు. 'బస్సు', 'బుక్కు' అంటూ చివర చేరే ఉకారం సంగతి ముందు చూడండి. అచ్చుతో మొదలయ్యే మాట కలిపి పలికించండి: 'బస్ ఈజ్ లేట్', 'బుక్ ఎ టికెట్'. అక్కడ ఉకారానికి చోటుండదు. అది పట్టుబడ్డాకే విడిమాటలు.